వెన్న తీసిన పాలు: పందుల తొట్టి నుండి పథ్యము వరకు

పట్టణములలో ఉదయమున పాల దుకాణమునకు పోయినవారికి నేడు ఒకే వస్తువు నాలుగైదు పేర్లతో కనబడును. పూర్తి మీగడ పాలు, స్టాండర్డైజ్డ్ పాలు, టోన్డ్ పాలు, డబుల్ టోన్డ్ పాలు, వెన్న తీసిన పాలు అని పొట్లములపై అచ్చువేసియుండును. ఒంటి బరువు తగ్గించుకొనదలచినవారు వీనిలో ఏది కొనవలెను అను ప్రశ్న ఇప్పుడు ఇంటింట వినబడుచున్నది. ప్రశ్న కొత్తదిగా తోచును గాని, దీని వెనుక నూట ఏబది యేండ్లకు మించిన చరిత్ర ఉన్నది. ఆ కాలములో వెన్న తీసిన పాలు ఒకచోట పందులకు మేత అయినవి. ఒకచోట పసిబిడ్డల కన్నులకు కీడు తెచ్చినవి. ఒకచోట బక్కపిల్లలకు ఒళ్ళు చేయించినవి. ఇంకొకచోట లావుపాటివారిని చిక్కించినవి. ఒకే పదార్థము ఇన్ని విధములుగా ఎట్లు పనిచేసినదో తెలిసినచో పొట్లము ఎన్నుకొనుట అంత కష్టము కాదు.

లండను నగరములో విలియం బాంటింగు అను వ్యాపారి ఉండెను. శవసంస్కారములు జరిపించుట అతని వృత్తి. 1862 ఆగష్టు నాటికి అతని బరువు 202 పౌనులు, అనగా సుమారు 92 కిలోగ్రాములు. ఎత్తు మాత్రము 5 అడుగుల 5 అంగుళములే. మేడమెట్లు దిగవలసివచ్చినపుడు వెనుకకు తిరిగి మెల్లగా దిగెడివాడు. విలియం హార్వే అను వైద్యుడు అతనిచేత రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంపలు మాన్పించెను. (రక్తప్రసరణమును కనుగొన్న హార్వే ఇతడు కాడు, ఆయన 1657లోనే గతించెను.) బాంటింగు 1863లో తన అనుభవమును చిన్న పుస్తకముగా ప్రకటించెను. ఏడాదికి కొంచెము పైగా సాగిన పథ్యములో అతడు మొత్తము 46 పౌనులు తగ్గెను. ఆ పుస్తకము ఎంత ప్రచారము పొందినదనగా, స్వీడిషు భాషలో 'బాంటా' అను క్రియకు నేటికిని అర్థము పథ్యముచేసి బరువు తగ్గుట యనియే.

ఆ జాబితాలో పాలును ఉన్నవి, వెన్నయు ఉన్నది. పాలలో వెన్నను మాత్రము విడిచి తక్కినవానిని ఉంచుకొనవచ్చునన్న ఊహ అందులో లేదు. అయితే ఆ ఊహ యూరపులో వేరొకచోట ఉండకపోలేదు. రష్యా చక్రవర్తికి వైద్యుడైన ఫిలిప్ కారెల్ 1860వ దశకములో మీగడ తీసిన పాలను ఔషధమువలె నియమిత వేళలందు కొద్ది కొద్ది మోతాదులలో ఇచ్చి, ఒంటికి నీరు పట్టినవారికి చికిత్స చేసెను. కాని అమెరికాలో వియర్ మిచెల్ అను వైద్యుడు 1877లో ప్రకటించిన పుస్తకములో, చిక్కిపోయిన రోగులను పడుకొనబెట్టి పాలు విస్తారముగా త్రాగించి ఒళ్ళు చేయించు విధానమును వర్ణించెను. పాలు లావు చేయునా, చిక్కించునా అను వాదము అప్పటికే రెండు వైపులకును సాక్షులను సంపాదించుకొనినది.

తెలుగువారి ఇండ్లలో ఈ వేర్పాటు ఎవరును కనుగొనవలసిన విషయము కాదు. కవ్వము ఆ పని అనాదిగా చేయుచున్నది. పెరుగు చిలికి వెన్న తీసి, ఆ వెన్న కాచి నేయి చేసి, మిగిలిన చల్లను ఇంటివారును పొరుగువారును త్రాగెడివారు. మజ్జిగ యనగా వెన్న తీసి పులియబెట్టిన పాలే. చరకసంహిత సూత్రస్థానములో అతిస్థూలునికి చెప్పిన ఉపచారములలో తక్రారిష్టము, అనగా మజ్జిగతో చేసిన అరిష్టము, ఒకటిగా కనబడును. ఈ జ్ఞానము అనుభవముపై నిలిచినది. మజ్జిగలో వెన్న ఎంత మిగిలినదో లెక్క చెప్పు సాధనము మాత్రము అప్పుడు లేదు.

ఆ లెక్కకు ముందు, పాల స్వరూపము కొంచెము తెలియవలెను. పాలలో వెన్న కరిగి ఉండదు. కొన్ని మైక్రానుల వ్యాసముగల సూక్ష్మమైన గోళికలుగా నీటిలో తేలియాడుచుండును. వెన్న సాంద్రత సుమారు 0.93, వెన్న తీసిన పాల సాంద్రత సుమారు 1.035. ఈ భేదమువలననే కదలక ఉంచిన పాలపై మీగడ తేలును. కాని గోళికలు మిక్కిలి చిన్నవగుటచే ఆ తేలుట మెల్లగా జరుగును. యూరపు రైతులు వెడల్పైన పళ్ళెములలో పాలుపోసి ఒక దినమో అంతకు మించియో వేచియుండి గరిటెతో మీగడ తీసెడివారు. ఈలోగా పాలు పులియుటయు కలదు. ఎంత తీసినను కొంత వెన్న క్రిందనే మిగులుటయు కలదు.

జర్మనీలో లేఫెల్టు అనునతడు పాలను పాత్రలోపోసి గిరగిర త్రిప్పి మీగడను వేరుచేయు ఏర్పాటు చేసెను గాని, ప్రతిసారి యంత్రమును ఆపి మీగడ తీయవలసి వచ్చెడిది. స్వీడను దేశపు ఇంజనీరు గుస్తాఫ్ డి లవాల్ 1878లో ఈ లోపమును తీర్చెను. ఆయన యంత్రములో పాలు ఒకవైపు నుండి ఎడతెగక లోనికి పారుచుండును. గిన్నె నిమిషమునకు వేలసార్లు తిరుగుచుండును. బరువైన పాలు అంచునకు, తేలికైన మీగడ నడుమకు చేరి వేరువేరు గొట్టములగుండ బయటకు వచ్చుచుండును. భూమ్యాకర్షణము ఒక రోజులో చేయు పనిని అపకేంద్ర బలము క్షణములలో చేసినది. హంస పాలను నీళ్ళను వేరుచేయునని కవులు చెప్పుదురు. ఈ ఇనుప హంస నీటి జోలికి పోక వెన్నను మాత్రము ఏరుకొనినది. బరువు తగ్గుటకు బాంటింగు పేరును క్రియగా చేసికొనిన దేశమే వెన్న తీయు యంత్రమును ఇచ్చుట కేవలము యాదృచ్ఛికమైనను, గుర్తుంచుకొనదగినది.

డి లవాల్ యంత్రము వెన్న కొరకు పుట్టినది. వెన్న తీసిన పాల కొరకు కాదు. డెన్మార్కులో 1882లో హియెడ్డింగు గ్రామమున మొదటి సహకార పాలకేంద్రము ఏర్పడినది. తరువాత అట్టివి దేశమంతట వెలసినవి. వెన్న పీపాలకెత్తి ఇంగ్లండుకు ఎగుమతి చేసిరి. మిగిలిన పాలను రైతులు తిరిగి తీసికొనిపోయి పందులకు పోసిరి. ఆ పందిమాంసమును గూడ ఇంగ్లండుకే అమ్మిరి. ఈ ఏర్పాటులో వెన్న తీసిన పాలకు విలువలేదని ఎవరును అనలేదు. అయితే ఆ విలువ పంది కొలతలోనిది.

ఇక కొలత విషయము. పాలకేంద్రమునకు పదిమంది రైతులు పాలు తెత్తురు. వెల పరిమాణమునుబట్టి ఇచ్చినచో చిక్కని పాలు తెచ్చినవాడు నష్టపోవును, నీళ్ళు కలిపినవాడు లాభపడును. నీటిని కనిపెట్టుటకు లాక్టోమీటరు ఉన్నది గదా యనవచ్చును. కాని లాక్టోమీటరు సాంద్రతను మాత్రమే చెప్పును. తేలికైన మీగడను తీసివేసినచో పాల సాంద్రత పెరుగును. అప్పుడు కొంచెము నీరు కలిపినచో సాంద్రత తగ్గి, మంచిపాల గుర్తు దగ్గరకే తిరిగివచ్చును. రెండు మోసములు కలిసి ఒక నిజాయితీవలె కనబడును! ఉన్నత పాఠశాలలో ఆర్కిమిడీసు సూత్రము చెప్పునపుడు దీనికంటె మంచి ఉదాహరణము దొరకుట కష్టము. లాక్టోమీటరు ఒకటి, కొంచెము పాలు ఉన్నచో తరగతిలోనే చూపవచ్చును.

ఈ చిక్కును విడదీసినవాడు అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములో వ్యవసాయ రసాయనజ్ఞుడైన స్టీఫెన్ బాబ్‌కాక్. 1890లో ఆయన ప్రకటించిన పరీక్ష సులభమైనది. పొడవైన సన్నని మెడగల సీసాలో 17.6 మిల్లీలీటర్ల పాలు పోసి, దానికి ఇంచుమించు అంతే గాఢ గంధకామ్లము కలుపుదురు. ఆమ్లము మాంసకృత్తులను కరగించివేయును. వెన్న గోళికలను చుట్టియున్న పొర నశించును. వెన్న మాత్రము కరగక విడివడును. సీసాను త్రిప్పి, వేడినీరు పోసినచో వెన్న మెడలోనికి లేచును. మెడపై గీసిన గీతలనుబట్టి వెన్న శాతమును నేరుగా చదువవచ్చును. పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. బాబ్‌కాక్ దీనికి పేటెంటు తీసికొనలేదు; లోకమునకు ఊరకే ఇచ్చివేసెను. కొద్దికాలములోనే స్విట్జర్లండులో నిక్లాస్ గెర్బర్ ఇట్టిదే మరియొక పద్ధతిని ఏర్పరచెను. భారతదేశపు పాలకేంద్రములలో ఎక్కువగా వాడుకకు వచ్చినది ఈ గెర్బరు పద్ధతియే. గంధకామ్లముతో పనిగనుక విద్యార్థులు దీనిని సొంతముగా చేయబూనరాదు.

వెన్న శాతము తెలిసినది. ఆ వెన్న ఒంటిలో ఎంత శక్తినిచ్చునో చెప్పినవాడు మరియొక అమెరికను రసాయనజ్ఞుడు, విల్బర్ అట్‌వాటర్. మనిషిని ఒక గదిలో ఉంచి, అతడు తినిన ఆహారము, విడిచిన వాయువు, వెలువరించిన వేడిమి కొలిచి, 1890వ దశకములో ఆయన లెక్కలు కట్టెను. నేటి పాఠ్యపుస్తకములలోని అంకెలు వానినుండి వచ్చినవే: గ్రాము మాంసకృత్తులకు 4 కాలరీలు, గ్రాము పిండిపదార్థమునకు 4, గ్రాము క్రొవ్వునకు 9. అట్‌వాటర్ ఉద్దేశము పేదలు తక్కువ ఖర్చుతో ఎక్కువ శక్తి పొందవలెననునది. 1918లో కాలిఫోర్నియా వైద్యురాలు లులు హంట్ పీటర్సు ఆ అంకెలనే తలక్రిందు చేసెను. ఎక్కువ తినుటకు గాక తక్కువ తినుటకు కాలరీలు లెక్కించుడని బోధించిన ఆమె పుస్తకము విశేషముగా అమ్ముడుపోయెను. ఆ లెక్కలో వెన్న ముందుగా దోషిగా నిలువక తప్పలేదు.

ఇంతలో బాబ్‌కాక్ ఉన్న విశ్వవిద్యాలయమునుండియే వెన్నపక్షమున సాక్ష్యము వచ్చినది. రసాయన విశ్లేషణలో సమానముగా తేలిన మేతలు పశువులకు నిజముగా సమానమేనా యని బాబ్‌కాక్‌కు సందేహము ఉండెడిది. 1907లో అక్కడ మొదలైన ఆవుల ప్రయోగము, సమానము కాదని చూపెను. ఆ ప్రయోగశాలలో చేరిన మెక్కాలమ్, మార్గరెట్ డేవిస్ 1913లో, వెన్నలో ఎలుకల పెరుగుదలకు అవసరమైన పదార్థమేదో ఉన్నదని ప్రకటించిరి. దానికే తరువాత విటమిను 'ఎ' అని పేరు వచ్చినది.

ఈ మాటకు డెన్మార్కులో బిడ్డల కన్నులు రుజువైనవి. మొదటి ప్రపంచయుద్ధకాలములో డేనిషు వెన్న మంచి ధరకు విదేశములకు పోవుచుండెను. పేద ఇండ్లలో పిల్లలకు వెన్న తీసిన పాలు, ఆ కాలపు మార్గరీను మాత్రమే దక్కినవి. కోపెన్‌హాగెనులో కార్ల్ బ్లాక్ అను శిశువైద్యుడు కన్నులు పొడిబారి, నల్లగ్రుడ్డు మెత్తబడి, చూపు పోవుచున్న పసివారిని వరుసగా చూచెను. వారికి చిక్కని పాలును కాడ్ చేప కాలేయపు నూనెయు ఇచ్చినచో వ్యాధి తగ్గుచుండెను. 1917 చివర దేశములో వెన్నకు రేషను పెట్టి ఇంటింటికి కొంత అందునట్లు చేయగా ఆ జబ్బు వేగముగా తగ్గిపోయినది. పాలలోనుండి వెన్న తీసినపుడు కాలరీలు మాత్రమే పోవునని అనుకొన్నవారికి ఇంతకంటె కఠినమైన పాఠము లేదు.

తరువాత కథ రెండు నగరములలో రెండు విధముల నడచినది. 1934లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యవిద్యాలయమునకు చెందిన జార్జి హారప్, స్థూలకాయులకు అరటిపండ్లు, వెన్న తీసిన పాలు మాత్రమే ఆహారముగా ఇచ్చి బరువు తగ్గించినట్లు ప్రకటించెను. అరటిపండ్లు దిగుమతి చేయు యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ ఈ పథ్యమును ఉత్సాహముతో ప్రచారము చేసెను; ఆ ఉత్సాహమునకు కారణము విడమరచి చెప్పనక్కరలేదు. మూడేండ్లకు, 1937లో, నీలగిరులలోని కూనూరు పోషకాహార పరిశోధనాలయమునుండి అయిక్రాయిడ్, కృష్ణన్ వేరొక ఫలితమును ప్రకటించిరి. వరియన్నము ప్రధానాహారముగా బ్రతుకుచున్న పిల్లలకు రోజూ కొంత వెన్న తీసిన పాలపొడిని కలిపి ఇచ్చినచో, ఇయ్యని పిల్లలకంటె వారు ఎత్తును, బరువును ఎక్కువగా పెరిగిరి. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయినది.

ఒకే పాలు అక్కడ బరువు తగ్గించినవి, ఇక్కడ పెంచినవి. ఇందులో మాయ ఏమియు లేదు. అమెరికాలో ఆ పాలు అంతకుముందు తినుచున్న ఎక్కువ ఆహారమునకు బదులుగా వచ్చినవి. కూనూరులో చాలీచాలని ఆహారముపైన అదనముగా వచ్చినవి. పాల రకము గూర్చి ఇంటిలో జరుగు చర్చలలో మరచిపోవు సంగతి ఇదియే.

భారతదేశములో టోన్డ్ పాలు సన్నబడుటకు పుట్టలేదు. బొంబాయిలో పాల శాఖను నడిపిన దారా ఖురోడీ 1946లో ఈ పాలను ప్రవేశపెట్టెను. గేదెపాలలో వెన్న సుమారు 7 శాతము ఉండును. అందులో నీరును, వెన్న తీసిన పాలపొడిని తగుపాళ్ళలో కలిపి వెన్న 3 శాతమునకు దింపినచో, 100 లీటర్లు సుమారు 230 లీటర్లగును. పొడి కలియుటచే మాంసకృత్తులు తగ్గవు. పేదవానికి తక్కువ వెలకు పాలు దొరకును. పాలలో నీళ్ళు కలుపుట నేరమైన దేశములో, సరిగా లెక్కగట్టి కలిపినందుకు మన్నన లభించినది: 1963లో ఖురోడీకి, వర్గీసు కురియన్‌కు, త్రిభువన్‌దాసు పటేలుకు కలిపి రామన్ మెగసెసే పురస్కారము ఇచ్చిరి. పాలపొడికి మొదట విదేశములపై ఆధారపడవలసి వచ్చినది. గేదెపాలను పొడి చేయుట సాధ్యము కాదను నమ్మకమును ఆనందులో హెచ్.ఎం. దలాయా తప్పని నిరూపింపగా, 1955లో అచ్చటి కర్మాగారము ప్రారంభమయ్యెను.

వెన్న తగ్గించిన పాలు సంపన్న దేశములలో ఇంటింటి పథ్యమగుటకు తొలికారణము బరువు కాదు, గుండె. 1961లో అమెరికా హృద్రోగ సంఘము సంతృప్త క్రొవ్వులను తగ్గింపుమని సలహా ఇచ్చినది. 1977లో ఆ దేశపు సెనేటు సంఘమొకటి వెన్న తక్కువగల పాలను వాడుమని చెప్పినది. 1980వ దశకము ముగియునాటికి అక్కడ పూర్తి పాలకంటె వెన్న తగ్గించిన పాలే ఎక్కువగా అమ్ముడుపోవుచుండెను. అయినను స్థూలకాయుల సంఖ్య పెరిగినది: వయోజనులలో 1976–80 మధ్య సుమారు 15 శాతము, 2017–18లో 42 శాతము. ఇందుకు పాలను తప్పుపట్టుట సరికాదు. అయితే పాలనుండి తీసిన మీగడ జున్నుగాను, ఐస్‌క్రీముగాను తిరిగి ఆ పళ్ళెములలోనికే చేరెనన్న సంగతి మరువరాదు.

పరిశోధనలు ఏమనుచున్నవి? 2012లో 29 ప్రయోగములను కలిపి పరిశీలించిన హార్వర్డు శాస్త్రజ్ఞులకు, మొత్తము ఆహారమును తగ్గించినచోటనే పాలు, పెరుగు కొద్దిగా తోడ్పడినట్లును, తగ్గించనిచోట దీర్ఘకాలములో ప్రయోజనము లేనట్లును కనబడెను. 2020లో టొరంటో నగరమున 28 పరిశీలనలను సమీకరింపగా, పూర్తి పాలు త్రాగు పిల్లలలో అధిక బరువు తక్కువగా ఉన్నట్లు తేలినది. దీనినిబట్టి మీగడ సన్నబరచునని తీర్పు చెప్పరాదు. పిల్లవాడు లావైన తరువాతనే తల్లిదండ్రులు వెన్న తీసిన పాలకు మారియుండవచ్చును. అట్లయినచో లావు కారణము, పాలు ఫలితము.

పొట్లము దగ్గరకు వచ్చినచో, దేశములో నిర్ణయించిన కనీస వెన్న శాతములు ఇవి: పూర్తి మీగడ పాలలో 6, స్టాండర్డైజ్డ్ పాలలో 4.5, టోన్డ్ పాలలో 3, డబుల్ టోన్డ్ పాలలో 1.5. వెన్న తీసిన పాలలో 0.5కు మించరాదు. రంగులు కంపెనీనిబట్టి మారునుగనుక రంగును నమ్మక అక్షరములను చదువవలెను. అట్‌వాటర్ అంకెలతో లెక్కించినచో 200 మిల్లీలీటర్ల గ్లాసునకు పూర్తి మీగడ పాలు సుమారు 175 కాలరీలు, టోన్డ్ పాలు 118, డబుల్ టోన్డ్ పాలు 95, వెన్న తీసినవి 75 లోపు. మాంసకృత్తులు మాత్రము అన్నింటిలో ఇంచుమించు సమానమే, 6 లేక 7 గ్రాములు. టోన్డ్ పాలకు, డబుల్ టోన్డ్ పాలకు గల తేడా ఒక చెమ్చా చక్కెరకంటె కొంచెమే ఎక్కువ. గ్లాసుకు రెండు చెమ్చాల చక్కెర వేసికొనువాడు పొట్లము మార్చుటకంటె చెమ్చాను మార్చుట మేలు. రోజుకు మూడు నాలుగు గ్లాసుల పూర్తి మీగడ పాలు త్రాగువానికి మాత్రము పొట్లము మార్పే పెద్ద మార్పు. అయితే తగ్గిన ఆ కాలరీలను సాయంత్రము పకోడీలతో పూరించుకొనరాదు. రెండేండ్ల లోపు బిడ్డలకు వెన్న తీసిన పాలు తగవు.

2018లో భారత ఆహార భద్రతా సంస్థ ఆహారపదార్థములలో పోషకములను చేర్చుటకు నిబంధనలు వెలువరించినది. వానిననుసరించి విటమిను 'ఎ', విటమిను 'డి' కలిపిన పాలపొట్లములపై కూడిక గుర్తును, దాని ప్రక్కన 'ఎఫ్' అక్షరమును అచ్చువేయుదురు. డెన్మార్కు బిడ్డలకు అందక వెన్నపీపాలతో ఓడలెక్కిన పదార్థములో ఒకటి ఆ గుర్తుగల పొట్లములో తిరిగి చేరియున్నది.